గంటా నలభై నిమిషాల కోటు

ఆ రోజు ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పదింటికి విమానం ఎక్కాలి. గాల్లో ఉండగా కోటుకి ఎడమ చెయ్యి కుట్టాలి. కిందికి దిగి ఆ కోటు అన్నయ్య చేతిలో పెట్టాలి. ఇందులో ఎక్కడా లోపం లేదని అతనికి గట్టి నమ్మకం. అతని భార్యకి మాత్రం లోపం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"కోటు నిన్నటికే అవ్వాలి కదండీ," అందామె, టీ గ్లాసు తెచ్చి కుట్టుమిషను బల్ల మీద పెడుతూ.

"అవ్వాల్సిందే. కాలరు దగ్గర కాస్త ఆలస్యమైంది."

"కాలరు దగ్గర కాలేదు. పక్కింటాయన ప్యాంటు పొట్టి చేస్తూ కూర్చున్నారు."

"ఆయన తొందరపెట్టాడు మరి."

"మీ అన్నయ్య తొందరపెట్టలేదా?"

"అన్నయ్య వదినతో నాలుగు నెలల ముందు చెప్పించాడు. నాలుగు నెలల ముందు చెప్పినదాన్ని తొందర అని ఎవరంటారే?"

 నిన్న సాయంత్రం అతను ఎక్కవలసిన రైలు అతను లేకుండానే వెళ్ళిపోయింది. రైళ్ళకి ఆ మాత్రం మర్యాద మొదటి నుంచీ లేదు. అప్పుడు కూతురు ఫోను ముందేసుకుని కూర్చుని, విమానం టికెట్టు తీసింది.

పనిలో అతనికి వంక పెట్టగలవాడు లేడు. అతను ఎక్కించిన కోటు చెయ్యి భుజం మీంచి నీళ్ళు జారినట్టు దిగేది. ముడత అనేది ఉండేది కాదు. కాకపోతే ఆ కోటు చేతికొచ్చే రోజుకి కొలతలిచ్చినవాడి పొట్ట మారిపోయేది. ఒకాయనకి ఉద్యోగమే మారిపోయింది. కస్టమర్లు తిట్టుకుంటూ దుకాణంలోకి వచ్చేవారు, కోటు తొడుక్కుని అద్దంలో చూసుకునేవారు, తిట్లు అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయేవారు. మరిచిపోనివాడు ఒక్కడే మిగిలాడు. అతను సొంత అన్నయ్య.

అన్నయ్య పెళ్ళికోటు కుట్టింది తమ్ముడే. కోటు వచ్చింది. పెళ్ళయిన మర్నాడు వచ్చింది. పెళ్ళికొడుకు ఆ పూట హాలు మేనేజరు కోటు అరువు తీసుకుని, మోచేతులు దాటని ఆ కోటుతో ఫొటోలన్నీ దిగాడు. అప్పటినుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. మంచికీ చెడ్డకీ అటు వదిన ఫోన్ చేసేది, ఇటు భార్య ఎత్తేది. అన్నయ్య వేరే నగరంలో పైపులు, కుళాయిలు అమ్ముకుంటూ స్థిరపడ్డాడు. ఇప్పుడు అన్నయ్య కొడుక్కి పెళ్ళి. ఆ కుర్రాడు "బాబాయి కుట్టిన కోటు అయితేనే వేసుకుంటా" అని మొండికేసి కూర్చున్నాడు. కన్నకొడుకు కోసం అన్నయ్య మెట్టు దిగాడు. ఎంత దిగాడంటే, నిన్న రాత్రి స్వయంగా ఫోన్ చేశాడు.

"రైలు తప్పిందటగా," అన్నాడు. పలకరింపు అంతే. "రేపు ఎయిర్‌పోర్టు బయట నిలబడతాను. కోటు నా చేతిలో పెట్టు. అయిపోయిన కోటు. పెట్టలేకపోతే అక్కణ్ణుంచి అటే వెళ్ళిపో. నాకు తమ్ముడు లేడనుకుంటాను."

"అయిపోయిందన్నయ్యా. మడతపెడుతున్నా," అన్నాడు దర్జీ. ఆ మాట అన్నప్పుడు కోటుకి రెండు చేతులూ లేవు. తెల్లారేసరికి కుడి చెయ్యి ఎక్కింది. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే కాబట్టి, నిన్నటి అబద్ధం ఇవాళ్టికి సగం నిజమైపోయిందని అతను ధైర్యంగా ఉన్నాడు.

"అమ్మడూ, ప్రయాణం ఎంతసేపన్నావు?" అని కూతుర్ని అడిగాడు, టీ ఊదుకుంటూ.

కూతురు ఫోను చూసి చెప్పింది. "రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఆరువందల నలభై కిలోమీటర్లు నాన్నా. ఒక దాంట్లోనేమో ఎగిరేది గంటే అని ఉంది. టికెట్టు మీద గంటా నలభై అని ఉంది."

"ఏది ఖాయం?"

"రెండూ ఖాయమే. అందులో—"

"టికెట్టు మీద అచ్చేసిందే ఖాయం," అని తేల్చేశాడు దర్జీ. "చెయ్యి ఎక్కించడానికి గంటంపావు. మిగతా పాతిక నిమిషాల్లో గుండీలు. సరిపోయింది."

"అది సరిగ్గా అంతసేపు ఉండదు నాన్నా. వాళ్ళు కాస్త ఎక్కువే వేసి చెప్తారు."

"ఎందుకు వేస్తారు?"

"మీరు మూడు మీటర్లు పట్టే కోటుకి మూడున్నర తెమ్మనరూ? అందుకు," అంది భార్య.

"నేను తెప్పించిన గుడ్డ నేను పూర్తిగా వాడతాను," అన్నాడు దర్జీ. అది నిజమే. ఆ ఇంట్లో దిండు గలేబులన్నీ మంచి మంచి కోటు గుడ్డలే.

భార్యాకూతుళ్ళు అతనితో బయలుదేరలేదు. పెళ్ళి ఆ సాయంత్రం ఐదింటికి, విందు మర్నాడు. "మీరు ముందు కోటు ఇచ్చి, మీ అన్నయ్య మొహం ఎలా ఉందో చూసి, ఫోన్ చేయండి. బాగుంటే మేం బయలుదేరతాం," అంది భార్య. "ఎయిర్‌పోర్టు దాకా వచ్చి అక్కణ్ణుంచే తిరిగి రావడానికి నాకు ఓపిక లేదు."

దర్జీ, పెళ్ళికోటుకి జోడీ ప్యాంటుని సంచీలో మడతపెట్టాడు. కోటునీ, ఎడమ చేతినీ ఒక గుడ్డ కవరులో వేలాడదీసుకున్నాడు. దారం గుచ్చిన సూది చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. కత్తెర జేబులో వేసుకున్నాడు. తిండి లేకుండానైనా బయలుదేరేవాడేమో కానీ కత్తెర లేకుండా గడప దాటిన మనిషి కాదు.

ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే ఆవిడ ఆ కత్తెరని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది.

"ఇదేంటి సార్?"

"కత్తెరండీ."

"అది కనిపిస్తోంది. ఎందుకు తీసుకెళ్తున్నారు?"

"దర్జీనండీ నేను. కత్తెర కాక ఇంకేం తీసుకెళ్తాను?"

ఆవిడ దానికి నవ్వలేదు. ఆ ఉద్యోగంలో నవ్వితే జీతం కోస్తారో ఏమో తెలియదు. కత్తెర ఒక పెట్టెలో పడింది. అప్పటికే ఆ పెట్టెలో గోళ్ళు తీసుకునేవీ, పళ్ళు కోసుకునేవీ, ఒక సుత్తీ ఉన్నాయి. దర్జీ ఆ పెట్టె వైపు తిరిగి తిరిగి చూశాడు. ఇరవై ఏళ్ళుగా అరిగి తన బొటనవేలి ఆకారానికి వచ్చిన కత్తెర అది. సూదిని మాత్రం ఎవరూ చూడలేదు. చూసినా, అంత చిన్నదానితో ఎవరు ఎవరిని ఏం చేయగలరనుకున్నారో ఏమో. తరవాత జరిగింది చూస్తే అది వాళ్ళ పొరపాటే.

దారం పంటితో కొరకొచ్చులే అని సమాధానపడి, అతను విమానం గేటు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడానికి ఇంకా చాలా సమయం ఉంది. మరొకడైతే అక్కడే సూది తీసేవాడు. దర్జీ టీ తెచ్చుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కోటు కాలరు మెడకి అంటకుండా పైకి లేచి ఉండటం గమనించి, వెళ్ళి ఆ సంగతి ఆయనకి చెప్పాడు. ఆయన సంతోషించలేదు. గడువు పీకమీదికి రాకుండా దర్జీ చెయ్యి కదలదు. అది అతని చేతి తయారీలోనే ఉన్న లోపం. పైగా గంటా నలభై నిమిషాలు అచ్చేసి చేతికిచ్చారు కదా, ఈ టైము వాడుకుంటే అది వృథా అవుతుంది.

విమానంలో అతనిది కిటికీ పక్క సీటు. పక్కన ఒక సర్వేయరు కూర్చున్నాడు. భారీ మనిషి, నెమ్మదైన మనిషి. మర్నాడు ఎవరిదో పొలం హద్దులు కొలవడానికి వెళ్తున్నాడు. బెల్టు పెట్టుకుంటూనే దూరాల గురించి మొదలుపెట్టాడు.

"మనం రోడ్డున పోతే తొమ్మిదివందలు దాటుతుందండీ. వాగులూ, మలుపులూ. గాల్లో అయితే స్కేలు పెట్టి గీత గీసినట్టే. ఆరువందల నలభై."

"గంటా నలభై పడుతుంది కదండీ?" అన్నాడు దర్జీ, ఎందుకైనా మంచిదని.

"అంత ఉండదు లెండి," అన్నాడు సర్వేయరు, అతన్ని సంతోషపెట్టడానికి.

విమానం లేచింది. బెల్టు దీపం ఆరింది. దర్జీ కోటు బయటికి తీసి, బొమ్మకి తొడిగినట్టు ముందు సీటు వీపుకి తొడిగి, ఎడమ చెయ్యి చంక దగ్గర ఆనించి కచ్చాకుట్టు మొదలుపెట్టాడు. అంతా సవ్యంగా ఉంది. సరిగ్గా అప్పుడే మైకు గరగరలాడింది. వెనకనుంచి గాలి బాగా తోస్తున్నందువల్ల అనుకున్నదానికంటే అరగంట ముందే దిగుతున్నామని కెప్టెన్ ఆనందంగా ప్రకటించాడు. విమానంలో అందరూ ఆనందించారు. వెనక సీట్లలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

దర్జీ సూదిని గాల్లోనే ఆపాడు. నీళ్ళ సీసాలు పంచుతున్న అమ్మాయిని పిలిచాడు.

"ఏమ్మా, అరగంట ముందు దిగుతామంటున్నారు?"

"అవును సార్," అందా అమ్మాయి నవ్వుతూ.

"టికెట్టు మీద గంటా నలభై అని ఉంది కదమ్మా."

"ముందే వెళ్ళిపోతున్నాం సార్."

"అదే నేనంటున్నది. నేను గంటా నలభైకి టికెట్టు తీసుకున్నాను. నా అరగంట ఏమైంది?"

ఆ అమ్మాయికి ఆలస్యమైనప్పుడు ఏం చెప్పాలో నేర్పించారు కానీ, దీనికి నేర్పించలేదు. "సార్, అందరూ త్వరగా వెళ్ళాలనే అడుగుతారు," అంది.

"నాకొద్దమ్మా. ఆ డ్రైవరుగారితో చెప్పి, కాస్త చుట్టూ తిప్పి తీసుకెళ్ళమను. పక్కనున్న ఊళ్ళ మీదుగా పోతే ఏం పోయింది?"

నవ్వు మాయమైంది. విమానాన్ని దారి మళ్ళించమనే ప్రయాణికుడి గురించి ఆ అమ్మాయికి వేరే పాఠం నేర్పించారు. ఆమె వెళ్ళి, వయసులో తనకన్నా పెద్దదైన ఒకావిడని వెంటబెట్టుకుని వచ్చింది.

"దారి ఎందుకు మార్చాలి సార్?" అని అడిగిందావిడ. గొంతు చాలా మర్యాదగా ఉంది. అంత మర్యాద ఉంటే భయపడాలని దర్జీకి తెలుసు. కస్టమర్లు కోర్టుకి వెళ్ళే ముందు అలాగే మాట్లాడతారు.

"అబ్బే, ఏం లేదండీ. కోటుకి ఒక చెయ్యి మిగిలిపోయింది."

ఆవిడ ముందు సీటుకి తొడిగిన కోటుని చూసింది. అదే సమయంలో ఆ సీటులో ఉన్నాయన ఒళ్ళు విరుచుకుని సీటు వెనక్కి వాల్చాడు. కోటు నలిగి దర్జీ ఒళ్ళో పడింది. అతను అయ్యో అని సీటుని రెండు చేతులతో ముందుకి నెట్టాడు. ముందాయన లేచి నిలబడి, వెనక్కి తిరిగి, తన సీటుకి కోటు వేసి ఉండటం చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"దిగేదాకా మీరు ఈ సీటులోంచి లేవకూడదు," అందావిడ. "ఎవరి సీటునీ ముట్టుకోకూడదు. బెల్టు తీయకూడదు."

"సరేనండీ. మరి కోటు దేనికి తొడగను?"

ఆవిడ వెళ్ళింది. మూడు సీట్ల అవతల నిలబడి, అక్కణ్ణుంచి ఇతన్నే చూస్తూ ఉండిపోయింది.

దర్జీ తల పట్టుకుని కూర్చున్నాడు. బొమ్మ లేకుండా చెయ్యి ఎక్కిస్తే భుజం దగ్గర బుడగలా లేస్తుంది. అలాంటి కోటు చూపిస్తే అన్నయ్యకి తమ్ముడు లేకుండా పోవడమే కాదు, ఆ తమ్ముడి చేతికి విలువ కూడా లేకుండా పోతుంది. కళ్ళు పక్కకి తిరిగాయి. సర్వేయరు భుజాలు చూశాడు. వెడల్పు చూశాడు. పెళ్ళికొడుకు భుజాలే వచ్చి పక్క సీటులో కూర్చున్నట్టున్నాయి.

"మీ ఛాతీ నలభై రెండు కదండీ?"

సర్వేయరు కళ్ళు పెద్దవి చేశాడు. కొలతలు తీసే మనిషికి ఇంకొకడు అతని కొలత చెప్పడం అదే మొదటిసారి. "ఎలా చెప్పారు?"

"చూస్తే తెలిసిపోతుంది. ఒక్క పావుగంట ఈ కోటు తొడుక్కుంటారా? నా బతుకు దీని మీద ఆధారపడి ఉంది."

అని కథంతా చెప్పాడు. కథ హాలు మేనేజరు కోటు దాకా వచ్చేసరికి సర్వేయరు జాలిగా తల ఊపాడు. నెమ్మదైన మనుషులతో వచ్చే చిక్కే అది. ఎంతటి పిచ్చి పనికైనా కారణం చెప్తే చాలు, ఒప్పుకుంటారు. కూర్చున్నచోటే ఒళ్ళు వంచి కోటు తొడుక్కున్నాడు. దర్జీ ఎడమ చెయ్యి అతని చేతికి ఎక్కించి, చంక దగ్గర సూది దించాడు. భారీ మనుషులకి పని లేకపోతే నిద్ర వస్తుంది. రెండు నిమిషాల్లో సర్వేయరు గురక మొదలుపెట్టాడు. కదలని బొమ్మ దొరికినందుకు దర్జీ లోపల్లోపల దండం పెట్టుకున్నాడు.

గడువు పీకమీదికి వచ్చింది, చెయ్యి కదిలింది. విమానం కిందికి దిగుతోంది, చెవులు మూసుకుపోయాయి, కుదుపులకి లోపలి లైనింగు ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. అయినా అతను ఆగలేదు. చక్రాలు నేలని తాకి ఒక్క కుదుపు వచ్చిన క్షణాన ఆఖరి ముడి వేసి, దారం పంటితో కొరికాడు. భుజం చూశాడు. నీళ్ళు జారినట్టుంది. జీవితంలో అంత బాగా ఎక్కించిన చెయ్యి ఇంకోటి లేదు. గుండీలు కూడా గబగబా కుట్టేశాడు.

"లేవండి సర్వేయరుగారూ, అయిపోయింది. విప్పేయండి."

సర్వేయరు కళ్ళు నులుముకుని, కుడి చెయ్యి లాగాడు. వచ్చింది. ఎడమ చెయ్యి లాగాడు. కోటుతోపాటు చొక్కా కూడా వచ్చింది.

ఇద్దరూ ఆ చోటుని చూశారు. కుట్టు కోటు గుండా, లైనింగు గుండా, సర్వేయరు చొక్కా గుండా చుట్టూ తిరిగి వచ్చింది. ఎక్కడా తప్పలేదు. సన్నటి, దగ్గరదగ్గర కుట్టు. గట్టిగా లాగినా తెగని కుట్టు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు సర్వేయరు.

"ఒక్క నిమిషం." దర్జీ ఆ పెద్దావిడని పిలిచాడు. "అమ్మా, ఒక కత్తెర ఉందా?"

"విమానంలో కత్తెర తేనివ్వరు సార్."

"తెలుసమ్మా. నాది ఎక్కినచోట పెట్టెలోనే ఉంది."

బయటికి వెళ్ళే దారి పొడుగునా దర్జీ కత్తెర కోసం చూశాడు. చాక్లెట్లు అమ్మే కొట్టూ, సెంట్లు అమ్మే కొట్టూ ఉన్నాయి కానీ కోసేదేదీ లేదు. కోటు తొడుక్కున్న సర్వేయరు తన పెట్టె లాక్కుంటూ వెనకే వచ్చాడు.

"చొక్కా పోయిన నెలే కుట్టించుకున్నానండీ," అన్నాడు, కోపం లేకుండా.

"కొత్తది నేను కుట్టిపెడతాను."

"ఎప్పటికి?"

 అలవాటైన మాట దర్జీ నోటి దాకా వచ్చింది కానీ, ఈ మనిషి దగ్గర అనబుద్ధి కాలేదు.

"ముందు బయటికి పోయాక ఎవరి దగ్గరైనా బ్లేడు అడుగుదాం. మా అన్నయ్య రావడానికి ఇంకా అరగంట ఉంది," అన్నాడు.

అద్దాల తలుపు తెరుచుకుంది. రెయిలింగు అవతల, అందరికంటే ముందు, అన్నయ్య నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఆలస్యంగా వస్తాడో లేదో తన కళ్ళతో చూసుకోవాలని ముందే వచ్చేశాడు. జుట్టు నెరిసింది. ఒళ్ళు తగ్గింది. మొహంలో ఆ పాత బిగింపు మాత్రం అలాగే ఉంది.

"వచ్చావా?" అన్నాడు.

"వచ్చానన్నయ్యా."

"అరగంట ముందొచ్చావు." ఆ మాటలో ఫిర్యాదు ఉందో, అనుమానం ఉందో తెలియలేదు. అన్నయ్య చూపు దర్జీ చేతిలోని ఖాళీ కవరు మీదికి పోయింది. "కోటేది?"

దర్జీ పక్కకి చూశాడు. అన్నయ్య కూడా అటే చూశాడు.

"అదేనా కోటు?"

"అదే."

"లోపలెవరు?"

"సర్వేయరుగారు."

సర్వేయరు నమస్కారం పెట్టాడు. కుడి చేత్తోనే పెట్టాడు. ఎడమ చెయ్యి ఎత్తితే చంక దగ్గర పట్టేస్తోంది.

నిజం చెప్పే అవకాశం దర్జీకి వచ్చింది. కాస్సేపు ఉండి వెళ్ళిపోయింది. ఎన్నో ఏళ్ళుగా కస్టమర్ల ముందు నిలబడి సాధన చేసిన నోరు, తల ఆలోచించుకునేలోపే తన పని తాను చేసుకుపోయింది.

"కవర్లో పెడితే నలుగుతుందన్నయ్యా. పెళ్ళికోటు. భుజం మీద ఒక్క మడత పడినా ఇస్త్రీకి పోదు. అందుకని అబ్బాయి కొలతలున్న మనిషిని చూసి, తొడిగించి తీసుకొచ్చాను."

 అన్నయ్య సర్వేయరు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ భుజం దగ్గర ఆగాడు. వేలితో కుట్టు వెంట తడిమాడు. పైపులు అమ్ముకునే మనిషైనా, అతుకు బాగుందో లేదో అతనికి తెలుస్తుంది.

"దీనికోసం ఒక మనిషిని విమానం ఎక్కించావా?" అన్నాడు చివరికి. గొంతు మారింది.

"నీ కొడుకు పెళ్ళి కదా."

"మీరేమైనా ఇబ్బంది పడ్డారా?" అని అన్నయ్య సర్వేయరుని అడిగాడు.

సర్వేయరు దర్జీ మొహం చూశాడు. రంగు లేని మొహం. "లేదండీ," అన్నాడు. "దూరం తక్కువే కదా."

అన్నయ్య తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. వేసి తీయడం మరిచిపోయాడు. కారు దాకా అలాగే నడిచారు. మధ్యలో వదినకి ఫోన్ చేసి, "ముందే వచ్చేశాడు, కోటు చూస్తే నువ్వు నమ్మవు," అని చెప్పాడు. దర్జీ ఇంటికి ఫోన్ చేసి, అన్నయ్య మొహం బాగుంది, బయలుదేరండి అన్నాడు.  "ఎవరి అన్నయ్య?" అంది అవతల భార్య.

హాలుకి చేరాక గొడవ ఇంకా పెద్దదైంది. అన్నయ్య ఆ కోటుని విప్పనివ్వలేదు. గుమ్మంలో ఎదురైన ప్రతివాడికీ సర్వేయరుని చూపించి కథ చెప్పాడు. చెప్పినప్పుడల్లా కథ కాస్త పెరిగింది. మూడోసారికి, తమ్ముడు ముగ్గురు మనుషులని కొలిచి అందులో ఒకణ్ణి ఎంచుకున్నాడు. ఐదోసారికి, సర్వేయరు దారంతా వీపు సీటుకి ఆనించకుండా కూర్చున్నాడు. పెళ్ళికూతురి తండ్రి శ్రద్ధగా అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"మరి ప్యాంటు ఎవరు వేసుకొచ్చారు?"

"ప్యాంటుకి మడతే అందమండీ," అన్నాడు దర్జీ, సంచీ వెనక్కి దాచుకుంటూ.

ఎలాగో కోటుని పెళ్ళికొడుకు గదిలోకి చేర్చి, దర్జీ తలుపు గడియ పెట్టాడు. పెళ్ళికొడుకు గడ్డం గీయడానికి వచ్చిన బార్బరు దగ్గర బ్లేడు దొరికింది. కానీ కుట్టు విప్పుదామంటే, అంత దగ్గర కుట్టుని మళ్ళీ కుట్టాలి; అతని దగ్గర అంత దారమూ లేదు, ధైర్యమూ లేదు. చాలాసేపు భుజం చుట్టూ తిరిగి చూసి, చివరికి బ్లేడు చొక్కా మీద పెట్టాడు. చంక చుట్టూ గుండ్రంగా చొక్కాని కోశాడు. కోటు హాయిగా ఊడి వచ్చింది. సర్వేయరు చొక్కా ఎడమ చెయ్యి కోటు చెయ్యి లోపలే ఉండిపోయింది. ఇప్పుడు ఆ గదిలో ఎడమ చెయ్యి లేనిది సర్వేయరు చొక్కా ఒక్కటే.

పెళ్ళికొడుకు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "బాబాయ్, ఎడమ చెయ్యి కొంచెం వెచ్చగా ఉందేంటి?"

"డబుల్ లైనింగురా. ఖరీదైన కోట్లకి అలాగే వేస్తారు."

కుర్రాడు మురిసిపోయాడు. అన్నయ్య, ఆ చెయ్యి లేని చొక్కా కూడా కోటు కోసం పడ్డ కష్టమే అనుకుని, సర్వేయరుకి కొత్త చొక్కా తెప్పించి ఇచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ మనిషి జీవితంలో అంత మర్యాద ఏ పొలం గట్టు మీదా చూసి ఉండడు.

ఐదయింది. ఐదున్నర అయింది. పెళ్ళికొడుకు నిలబడి ఉన్నాడు, పెళ్ళికూతురు రాలేదు. హాల్లో జనం కుర్చీల్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. పెళ్ళికూతురి తండ్రి కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కుతూ దిగుతూ చివరికి అన్నయ్య దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ చెప్పాడు.

"పెళ్ళి గౌను ఇంకా అవలేదటండీ. కుట్టే ఆవిడ పైగదిలో కూర్చుంది. ఐదు నిమిషాలంటోంది. గంటనుంచీ అదే మాట."

అన్నయ్య ఛాతీ విరుచుకున్నాడు. అవతలి వాళ్ళ తప్పు దొరకడం కన్నా పెళ్ళికొడుకు తండ్రికి పెద్ద కానుక ఏముంటుంది. దానికి తోడు తమ్ముడు పక్కనే ఉన్నాడు.

"చెప్పిన మాట మీద నిలబడేవాళ్ళు ఈ పనిలో చాలా తక్కువమందండీ," అన్నాడు పెద్దగా, నలుగురికీ వినిపించేలా. "మా తమ్ముణ్ణి చూడండి. అరగంట ముందొచ్చాడు. ఒరేయ్, నువ్వెళ్ళు పైకి. ఆవిడకి కాస్త గట్టిగా చెప్పు. టైమంటే ఏంటో చెప్పు."

తండ్రులిద్దరూ, మేనత్తలిద్దరూ, ఒక ఫొటోగ్రాఫరూ దర్జీ వైపు ఆశగా చూశారు. అతను మొహం గంభీరంగా పెట్టుకుని మెట్లెక్కాడు.

పైగదిలో ఒక నడివయసు ఆవిడ నేలమీద కూర్చుని కుడుతోంది. గౌను హ్యాంగరుకి వేలాడుతోంది. పెళ్ళికూతురు దుప్పటి కప్పుకుని, మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. కుట్టే ఆవిడ తలెత్తలేదు.

"ఎంత మిగిలిందమ్మా?" అన్నాడు దర్జీ.

"అయిపోయినట్టేనండీ."

అతను మంచం వైపు చూశాడు. బిస్కెట్ల పక్కన తెల్లటి గౌను చేతులు రెండూ విడివిడిగా పడి ఉన్నాయి.

"ఇవి?"

"అవొక్కటే."

"కింద ఏమని చెప్పావు?"

"ఐదు నిమిషాలన్నాను."

దర్జీ నిట్టూర్చాడు. ఎవరో ఈవిడకి పని నేర్పారు కానీ మాట నేర్పలేదు. "ఐదు అనకూడదమ్మా. ఐదంటే జనం నిలబడి ఎదురుచూస్తారు. పదంటే కూర్చుంటారు."

ఆవిడ మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది. కాలరుకి గుచ్చి ఉన్న సూదిని చూసింది. మారు మాట్లాడకుండా కొంచెం పక్కకి జరిగింది. దర్జీ నేలమీద కూర్చుని, మంచం మీది ఒక చెయ్యి అందుకుని, దారం నోట్లో తడిచేసి సూదిలోకి ఎక్కించాడు.

తలుపు చప్పుడైంది. అవతల అన్నయ్య గొంతు. ఎన్నో ఏళ్ళ తరవాత వినిపించిన ఆప్యాయమైన గొంతు.

"ఏరా, చెప్పావా? ఎంతసేపటట?"

దర్జీ గౌను చేతిని చూశాడు. గట్టిగా పట్టినా గంటన్నర పని.

"పది నిమిషాలు అన్నయ్యా."

అన్నయ్య ఇంకో ప్రశ్న వేయలేదు. మెట్లు దిగి, మైకు అందుకుని, స్వయంగా తన తమ్ముడే చెప్పాడు కాబట్టి పది నిమిషాల్లో పెళ్ళి మొదలవుతుందని హాలంతటికీ మాట ఇచ్చాడు.